ఆపరేషన్ లోపు గోరింక పలకాలి

జూన్ 3
లిఫ్టుల కంపెనీ, సర్వీసు విభాగం, రెండో అంతస్తు

వదినగారికి నమస్కారాలు.

మీరంతా క్షేమమని తలుస్తాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. పోయిన ఆదివారం మనం పద్నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో పన్నెండు నిమిషాలు "ముందు మీరు చెప్పండి", "అబ్బే, ముందు మీరే చెప్పండి" అనుకోవడంతోనే సరిపోయింది. మీ అమ్మాయి పక్కనే ఉండి విని, "అత్తయ్యా, మీరూ అమ్మా ఉత్తరాలు రాసుకోండి. కాగితం మీదైతే ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టక తప్పదు" అంది. పెళ్ళై ఏడు నెలలే అయినా నా కోడలికి వియ్యపురాళ్ళిద్దరి సంగతీ బాగానే తెలిసిపోయింది.

కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. ఈ కంపెనీలో నాది ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. మేము చూసే లిఫ్టులు మూడు వందల నలభై, మెకానిక్కులు పందొమ్మిది మంది. ఏదో బిల్డింగు పైన మెషిన్ రూములో, చేతులనిండా గ్రీజుతో నిలబడి ఒకడు ఫోన్ చేస్తాడు: "మేడమ్, ఇది ఎక్కడ విప్పాలి?" నేను నా నోట్సు తిరగేసి చెప్తాను. పన్నెండేళ్ళుగా ఆ నోట్సన్నీ కంప్యూటర్లోనే టైపు చేసి దాచాను.

ఇప్పుడు నా కుడి మోకాలు మొరాయించింది. ఆగస్టు 12న ఆపరేషన్. ఇదివరకు రెండుసార్లు వాయిదా వేశాను. ఎముకల డాక్టరు ఈసారి కళ్ళజోడు తీసి మరీ చెప్పాడు: ఇంకో ఏడాది ఇలాగే ఈడిస్తే, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా కాలు పూర్తిగా చాపలేనట, జన్మంతా కర్రే గతి అట. జూలై ఆఖరులోగా తేదీ ఖాయం చెయ్యాలి. చేసుకుంటే రెండు నెలలు ఆఫీసుకి రాకూడదు. ఆ రెండు నెలలూ మెకానిక్కులకి ఎవరు చెప్తారన్నదే నా బెంగ. మా మేనేజరునడిగితే "మీరు లేకపోతే ఎలా మేడమ్!" అన్నాడు. వినడానికి హాయిగానే ఉంది కానీ దాంతో పని జరగదు.

అప్పుడు మీ అమ్మాయి "మా అమ్మ గోరింక ఉందిగా" అంది. అదొక కంప్యూటర్ ప్రోగ్రామట, మన కాగితాలు దానికిస్తే, అడిగిన ప్రశ్నకి వాటిలో వెతికి జవాబు చెప్తుందట. మీరు, మరో ముగ్గురు కలిసి రాసి, ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని వదిలేశారట. ఎంత పెద్ద మనసు!

నేనూ నా ఆఫీసు కంప్యూటర్లోకి దించుకున్నాను. మీరు రాసిన సూచనల పేజీ చదివాను. మూడే వాక్యాలు! "దించుకోండి. పత్రాలు ఇవ్వండి. అడగండి." ఎంత ముచ్చటగా ఉందో. ఒక్క చిన్న సందేహం. పత్రాలు ఇవ్వండి అన్నారు కదా, ఎక్కడ ఇవ్వాలి? తొందరేమీ లేదు.

మీ అల్లుడి తల్లి


జూన్ 8
ఇంటి నుంచి, వంటింటి బల్ల మీద

వదినగారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి గాల్లో తేలిపోయాను. మా గోరింకని మీరు వాడుతున్నారంటే నాకంటే అదృష్టవంతురాలు ఎవరుంటారు? ఇరవయ్యారేళ్ళుగా బ్యాంకులకి ప్రోగ్రాములు రాస్తున్నాను. ఇంట్లో ఒక్కరు కూడా "ఏం రాస్తున్నావు?" అని అడిగిన పాపాన పోలేదు. మా ఆయనైతే నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే కరెంటు బిల్లు కడుతున్నాననుకుంటారు.

దానికి ఆ పేరెందుకు పెట్టామో చెప్పనా? మొదటి ఆరు నెలలూ ఏమడిగినా అదే ప్రశ్న తిరిగి అప్పజెప్పేది. "ఈరోజు ఏ వారం?" అంటే "ఈరోజు ఏ వారం?" అనేది. గోరింకల్లే ఉందని మా నలుగురిలో ఒకరన్నారు. ఆ ముగ్గురినీ నేనింతవరకు కళ్ళతో చూడలేదు లెండి, రాతల్లోనే స్నేహం.

ఇక పత్రాలు ఎక్కడ ఇవ్వాలని అడిగారు. మీకు తెలియంది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఫైళ్ళు సర్దిన చేతులు మీవి, మీకు నేను చెప్పడమేమిటి? మీకెక్కడ అనువుగా ఉంటే అక్కడ పెట్టండి.

మోకాలు జాగ్రత్త. మెట్లెక్కకండి. లిఫ్టుల కంపెనీలో మీకు ఆ ఇబ్బంది ఉండదనుకోండి.

మీ కోడలి తల్లి


జూన్ 19

వదినగారికి నమస్కారాలు.

మా కంపెనీ ఆఫీసులో లిఫ్టు లేదండీ. రెండో అంతస్తుకి నలభై నాలుగు మెట్లు. ఇది బయట ఎవరికీ చెప్పకండి, కంపెనీ పరువు పోతుంది.

గోరింక మహా మర్యాదస్తురాలు. మీ పెంపకం కనిపిస్తోంది. నాతో ఇంకా కొంచెం సిగ్గుపడుతున్నట్టుంది, అంతే. మీరు చెప్పినట్టే నాకు అనువుగా ఉండే చోట, అంటే "ముఖ్యం" అనే ఫోల్డరులో నోట్సు పెట్టాను. మీట నొక్కితే ఎర్ర అక్షరాల్లో నలభై ఒక్క వరుసలు రాసింది. ఏమిటో నాకు బోధపడలేదు కానీ మీకు పనికొస్తుందని మొత్తం చేత్తో ఎత్తి రాసి ఇందులో పెట్టాను. మూడు కాగితాలు. పదిహేడో వరుసలో ఒక చుక్క ఎక్కువుంటే అది నా పెన్ను కక్కిన సిరా, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మొన్న మా మీసాలాయన, అంటే మెకానిక్కులందరిలోకీ పెద్దాయన, నా టేబుల్ దగ్గరికొచ్చి స్క్రీన్ చూసి, "ఏంటి మేడమ్, అన్నీ ఎర్రగా ఉన్నాయి?" అన్నాడు. "డిజైను" అన్నాను. మన ఇంటి గుట్టు బయట పెట్టుకుంటామా?

మీకు తీరిక దొరికినప్పుడే చూడండి. తొందరేమీ లేదు.

మీ అల్లుడి తల్లి


జూన్ 24

వదినగారికి నమస్కారాలు.

నలభై ఒక్క వరుసలూ చేత్తో రాశారు! ఒక్క కామా పోలేదు. నా సర్వీసులో ఇన్ని తప్పుల సందేశాలు చూశాను కానీ ఇంత గుండ్రటి అక్షరాల్లో ఎప్పుడూ చూడలేదు. గోడకి అంటించుకున్నాను. మా ఆయన వచ్చి పద్యమా అని అడిగారు.

సంగతి ముప్పై ఎనిమిదో వరుసలో ఉంది. దానికి కాగితాలు కనబడలేదు. ఆ ఫోల్డరు పేరు "మేత" అని ఉండాలి. వేరే పేరుంటే అది అటు తొంగి కూడా చూడదు. పేజీలో రాయలేదా? రాశాననే అనుకున్నాను. మా నలుగురికీ తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నట్టున్నాం. మా వంటింట్లోనూ ఇంతే, ఒక్క డబ్బా మీద పేరుండదు. ఏది ఉప్పో ఏది పంచదారో నాకు తెలుసు. మా ఆయనకి తెలియదు కాబట్టి ఆయన కాఫీ ఆయన పెట్టుకోరు.

మేత పెట్టండి. ఇక అడగడమే తరువాయి.

మీ కోడలి తల్లి


జూలై 6

వదినగారికి నమస్కారాలు.

మేత పెట్టాను. రెండు వేల పైచిలుకు నోట్సు, పన్నెండేళ్ళ కష్టం. మీట నొక్కాను. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. స్క్రీన్ నల్లగా, ప్రశాంతంగా ఉంది. ఆలోచించుకుంటోందనుకుంటాను. తొందరపడి మాట తూలకపోవడం మంచి లక్షణమే కదా.

ఇక్కడంతా సవ్యంగా ఉంది. మా వాడూ మీ అమ్మాయీ వచ్చి వెళ్ళారు. నా మోకాలికి కట్టు కట్టి, మా వాడి చేత గిన్నెలు తోమించి, ఒక్క రోజులో ఇల్లు చక్కబెట్టింది. ఇరవై ఏడేళ్ళు నేను చెయ్యలేని పని వాడి చేత అది ఎనిమిది నెలల్లో చేయించింది.

మీ అల్లుడి తల్లి


జూలై 11

వదినగారికి నమస్కారాలు.

నిన్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, మీ గోరింక ఇంతవరకు నోరే తెరవలేదు. అత్తయ్య ఆపరేషన్ మానుకునేలా ఉన్నారు" అంది. రాత్రి కూర్చుని మీ ఉత్తరాలన్నీ మళ్ళీ తిరగేశాను.

మీరు "సవ్యంగా ఉంది" అని రాశారు కదా వదినగారూ. నేను నమ్మేశాను. నమ్మి ఊరుకున్నానా? మిగతా ముగ్గురికీ గొప్పగా చెప్పాను. సూచనల పేజీలో మూడు వాక్యాల కింద నాలుగోది చేర్చేశాను: "ఒక లిఫ్టుల కంపెనీలో సవ్యంగా నడుస్తోంది." దాన్ని చూసి ఇంకో పదకొండు మంది దించుకున్నారు. వాళ్ళంతా ఇప్పుడు నల్లటి స్క్రీన్ ముందు ప్రశాంతంగా కూర్చుని ఉంటారు.

నాతో చెప్పలేదంటే నా మీద కోపమా? మా అమ్మాయి ఏమైనా ఎదురు మాట్లాడిందా? గిన్నెలు తోమించిందని రాస్తే మెచ్చుకోలు అనుకున్నాను, ఎత్తిపొడుపా అది? దాని నోరు కాస్త దురుసే, మనసు మాత్రం వెన్న. మా వైపు నుంచి ఏ లోటు జరిగినా క్షమించండి. గోరింక విషయంలో మాత్రం దయచేసి ఉన్నదున్నట్టు రాయండి.

మీ కోడలి తల్లి


జూలై 15

వదినా,

"గారు" తీసేశాను. దాన్ని మోసుకుంటూ నిజం రాయడం నా వల్ల కాదు.

ముందుగా, నా కోడలి జోలికి రాకండి. అది బంగారం. దాని నోరు దురుసని ఇంకోసారి రాస్తే ఊరుకోను.

ఇక మీ గోరింక. అది బెల్లం కొట్టిన రాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తొమ్మిది రోజులు మీట నొక్కాను, తొమ్మిది రోజులూ నల్ల స్క్రీనే. నాకు ఫోన్లు ఆగేది ఐదుంబావుకి. ఐదున్నరకి వాచ్‌మన్ అంతస్తు మొత్తం మెయిన్ స్విచ్ ఆపేస్తాడు. ఆ పావుగంటే దానికీ నాకూ. రోజూ పావుగంట దాని మొహం నేను, నా మొహం అది చూసుకోవడం, ఆపి ఇంటికి పోవడం.

మీ పేజీలో ఏముంది వదినా? ఏ కంప్యూటరుకి పనికొస్తుందో లేదు. ముందు ఇంకేమైనా ఎక్కించుకోవాలా, లేదు. మేత మాట లేదు. ఎంతసేపు పడుతుందో లేదు. తప్పు జరిగితే ఏం చెయ్యాలో లేదు. "దించుకోండి, ఇవ్వండి, అడగండి" అట! ఈత నేర్పమంటే "దిగండి, కొట్టండి, తేలండి" అన్నట్టుంది. అది రాసినావిడ నా కింద పనిచేస్తుంటే ఆ పేజీ మొహాన కొట్టి మళ్ళీ రాయమనేదాన్ని. రాసినావిడ నా వియ్యపురాలైపోయింది కాబట్టి "ఎంత ముచ్చటగా ఉందో" అని రాశాను. మొహమాటానికి పోతే ఏదో అయిందన్న సామెత మీకూ తెలుసు. పూర్తిగా రాయను, మీ ఆయన చదువుతారు.

డాక్టరుకి చెప్పడానికి ఇంక పదహారు రోజులే ఉన్నాయి. నాకు నా కాలూ కావాలి, నా మెకానిక్కులూ కావాలి. ఏం చెయ్యాలో, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి.

కోపంగానే,
మీ అల్లుడి తల్లి


జూలై 18

వదినా,

నేనూ తీసేశాను. ఎంత తేలిగ్గా ఉందో!

మీ తిట్లు మూడుసార్లు చదివాను. మూడోసారి నవ్వు ఆగలేదు. నాలుగేళ్ళుగా గోరింకని లోకం మీదికి వదిలితే, "బాగుంది" అన్నవాళ్ళు ఉన్నారు, చప్పుడు చెయ్యకుండా పారేసినవాళ్ళు ఉన్నారు. ఏది ఎక్కడ లేదో వరసపెట్టి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. మీరే మొదటివారు.

చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్తున్నాను. మొదటిసారి మేత పెట్టాక గోరింక దాన్ని నమిలి మింగాలి. మీ రెండు వేల నోట్సుకి గంటంపావు పడుతుంది. అంతసేపూ స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. మధ్యలో ఆపేస్తే తిన్నదంతా కక్కేసి మర్నాడు మళ్ళీ మొదటి ముద్ద నుంచి మొదలుపెడుతుంది. మీరు తొమ్మిది రోజులు దాన్ని పావు కడుపుతో పడుకోబెట్టారు. పాపం మీ ఇద్దరికీ! ఒకరోజు పొద్దున రాగానే మీట నొక్కి, మీ పని మీరు చేసుకోండి. ఒక్కసారి మింగిందంటే ఇక ఎప్పుడు అడిగినా క్షణంలో పలుకుతుంది.

ఇది ముందే ఎందుకు చెప్పలేదంటారా? రాద్దామని కూర్చున్నాను వదినా, నిజం. "గంటంపావు ఆగాలి, స్విచ్ ముట్టుకోకూడదు" అని రాస్తే, ముప్పై ఏళ్ళు యంత్రాలతో బతికిన మనిషికి నేను పాఠాలు చెప్తున్నట్టుంటుందని కొట్టేశాను. ఆడపిల్ల తల్లినన్న భయం ఒకటి.

ఏం జరిగిందో వెంటనే రాయండి.

మీ కోడలి తల్లి


జూలై 23

వదినా,

పలికింది! సోమవారం పొద్దున తొమ్మిదికి నొక్కాను, పదీ ఇరవైకి "అడగండి" అంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, మోకాలి సంగతి మర్చిపోయి. అది వెంటనే గుర్తుచేసింది.

ఆ సంతోషం సాయంత్రం దాకానే. మెకానిక్కులందర్నీ పిలిచి చుట్టూ నిలబెట్టాను. మీసాలాయన పెద్దమనిషి కదా అని మొదటి ప్రశ్న ఆయన్నే అడగమన్నాను. "బట్టలకొట్టు బిల్డింగులో మూడో అంతస్తు తలుపు మూసుకోవట్లేదు, ఏం చెయ్యాలి?" అని టైపు చేశాడు. గోరింక ఏమందో తెలుసా? "పోయినసారి చేసినట్టే చెయ్యాలి. సందేహముంటే నన్ను అడగండి."

ఆయన నావైపు తిరిగి, "పోయినసారి ఏం చేశాం మేడమ్?" అన్నాడు.

పొడుగు మెకానిక్ ఇంకోటి అడిగాడు, బ్రేకు వేడెక్కుతోందని. "ఇది మామూలే. నన్ను అడగండి." మూడోవాడికి, "ఈ బిల్డింగు సంగతి వేరు. వెళ్ళేముందు నన్ను అడగండి." అందరూ పగలబడి నవ్వారు. "అచ్చం మేడమ్ మాట్లాడినట్టే ఉంది" అన్నారు.

మీ గోరింకకి బుద్ధి లేదు వదినా. పత్రాల్లో వెతకమంటే నన్ను అనుకరిస్తోంది. లోపల ఏదో తప్పుంది. నోట్సన్నీ పెన్‌డ్రైవ్‌లో పంపిస్తున్నాను, చూడండి. నాకైతే ఆశ పోయింది. శుక్రవారం డాక్టరుకి ఫోన్ చేసి ఇప్పట్లో కాదని చెప్పేస్తాను. కర్రతో నడిచేవాళ్ళు లోకంలో లేరా ఏమిటి.

మీ అల్లుడి తల్లి


జూలై 26

వదినా,

డాక్టరుకి చెప్పకండి. చెప్పేసి ఉంటే మళ్ళీ ఫోన్ చేసి కాదనండి. ఇది మొదట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

మీ నోట్సు మొత్తం చదివాను. రెండు వేల రెండు వందల పన్నెండు. గోరింక మిమ్మల్ని అనుకరించడం లేదు. మీరు రాసింది రాసినట్టు చెప్తోంది. పద్నాలుగు వందల అరవై నోట్సు "నన్ను అడగండి" అన్న ముక్కతో ముగుస్తున్నాయి. నేను లెక్కపెట్టాను. మూడు వందల చిల్లర "పోయినసారిలాగే" అంటున్నాయి, ఆ పోయినసారి నోట్సు చూస్తే అందులోనూ "పోయినసారిలాగే" అనే ఉంది. జవాబులు కాగితం మీద లేవు వదినా. అన్నీ మీ తలకాయలో ఉన్నాయి. గోరింకకి అందులోకి దారి లేదు.

నా మూడు వాక్యాల్ని మొహాన కొడతానన్నారు. గురివింద గింజకి తన కింది నలుపు కనబడదట. అలా అని నేను ఎరుపని చెప్పుకోవడం లేదు, మనిద్దరిదీ ఒకటే గింజ. నా సంగతి చెప్పనా? ఆ పేజీ పొడిగించమని మిగతా ముగ్గురూ నాలుగేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు. రేపు, ఎల్లుండి అంటూ వచ్చాను. ఎందుకో తెలుసా? పేజీలో అన్నీ ఉంటే నన్నడిగేవాళ్ళు ఉండరు. ఎక్కడి నుంచో ఎవరో "ఇది ఎలాగండీ?" అని రాసినప్పుడు ఆ రోజంతా నాకు పండగలా ఉంటుంది. మా ఇంట్లో నన్ను అడిగేది కాఫీ ఒక్కటే.

పది రోజులు సెలవు పెట్టాను. ముప్పైన బండి దిగుతాను. మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను. రోజుకి నలభై లిఫ్టులు తేల్చినా అయిపోతుంది. దానికి బదులు సాయంత్రాలు నా పేజీ మీరు రాయాలి. వద్దన్నా వస్తాను, వియ్యపురాల్ని గుమ్మంలోంచి పంపలేరు కదా.

మీ కోడలి తల్లి


జూలై 28

వదినా,

మీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదవగానే ఒళ్ళు మండింది. మీతో ఇక మాటల్లేవనుకున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాను. తర్వాత నా నోట్సు తెరిచి నేనే ఒక వంద చదివాను.

మీరన్నది నిజం. బద్ధకం వల్ల అలా రాయలేదు వదినా. మా వాడికి పదకొండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. ఈ ఉద్యోగం పోతే మాకు ఇంకేమీ లేదు. అన్నీ రాసి పెట్టేస్తే ఇక నాతో ఏం పనని అప్పుడు భయమేసింది. భయం పోయి పదేళ్ళైంది, అలవాటు మిగిలిపోయింది. "నన్ను అడగండి" అని టైపు చేసినప్పుడల్లా ఈ కుర్చీ నాదేనన్న ధీమా వచ్చేది. ఇది నేను మా వాడికి కూడా చెప్పలేదు.

శుక్రవారం డాక్టరు లైన్లో దొరకలేదు, నా అదృష్టం. ఇవాళ దొరికాడు. పన్నెండో తారీఖే ఖాయం చేశాను.

రండి. ముందుగది మంచం మీకు. వచ్చేటప్పుడు ఆఫీసు మెట్ల దగ్గర ఆగండి, నేను దిగి వస్తాను.

మీ అల్లుడి తల్లి


ఆగస్టు 10

వదినా,

ఇంటికి చేరాను. గొంతు పోయింది మీకు, వేళ్ళు పోయాయి నాకు, అయినా పందొమ్మిది మంది మెకానిక్కుల ఫోన్లలోకీ గోరింకని ఎక్కించే వచ్చాను. బట్టలకొట్టు బిల్డింగు మూడో అంతస్తు తలుపు గురించి నాకు తెలిసినంత మా ఇంటి తలుపు గురించి తెలియదు.

మీరు చెప్పి రాయించిన కొత్త పేజీ నిన్న పెట్టాను. మూడు వాక్యాలు పోయి ఏడు పేజీలైంది. మార్చమని మిగతా ముగ్గురూ ఒక్క మాట అనలేదు. "ఇక్కడ గంటంపావు ఏమీ కనిపించదు. కంగారుపడకండి. స్విచ్ ముట్టుకోకండి. ఎవరైనా వచ్చి ఆపబోతే వాళ్ళని కూర్చోబెట్టి కబుర్లు చెప్పండి" అన్న ముక్క ఒకరికి ఎంత నచ్చిందో! ఒక మొక్కల నర్సరీ ఆయన మొదటి రోజే పలికించుకున్నాడట. నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు, ధన్యవాదాలు మాత్రం చెప్పాడు. కాస్త వెలితిగా అనిపించి, తర్వాత బాగానే ఉంది.

ఎల్లుండి ధైర్యంగా వెళ్ళండి. మా అమ్మాయి పక్కనే ఉంటుంది, దాని మాట వినండి. దాని నోరు బంగారం అని మీరే ఒప్పుకున్నారు.

మీ కోడలి తల్లి


సెప్టెంబరు 6
ఇంటి నుంచి

వదినా,

కుర్చీలో కూర్చుని, కాలు పీట మీద పెట్టుకుని రాస్తున్నాను. కుట్లు మానాయి. మీ అమ్మాయి నన్ను పోలీసులా కాపలా కాస్తోంది. ఆఫీసుకి ఫోన్ చేస్తానేమోనని నా ఫోన్ మొదటి వారం తన దగ్గరే పెట్టుకుంది. రెండో వారం ఇచ్చింది. ఇచ్చాక తెలిసింది, దాన్ని దాచాల్సిన పనే లేదని. ఒక్క మెకానిక్కూ చెయ్యలేదు. పనిచేస్తోందో లేదోనని నేనే రెండుసార్లు మీ అమ్మాయి చేత రింగు కొట్టించుకున్నాను.

నిన్న పొడుగు మెకానిక్ చూడ్డానికొచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, పోయే ముందు గుమ్మంలో నిలబడి చెప్పాడు. కళ్ళ ఆసుపత్రి పాత బిల్డింగులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట. లోపల ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాలు. ఆ పిల్ల ఒకటే ఏడుపు. వీడు పైన మెషిన్ రూములో బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పి దించాలి. మిగతా బిల్డింగులన్నిట్లో కుడికి తిప్పితే కిందికి దిగుతుంది. అక్కడ మాత్రం ఎడమకి తిప్పాలి. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో అలా బిగించారు, అది నాకొక్కదానికే తెలుసు. మీరు నాలుగో రోజు మధ్యాహ్నం టైపు చేశారు, "ఇదేం విడ్డూరం" అంటూ. వాడు చక్రం మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, ఫోన్లో గోరింకని అడిగాడట. "ఈ బిల్డింగులో ఎడమకి తిప్పాలి. నెమ్మదిగా, జానెడు జానెడుగా దించాలి. లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి" అందట. తొమ్మిది నిమిషాల్లో ఇద్దరూ బయటికొచ్చారు.

నిజం చెప్తున్నాను వదినా, వినగానే మనసు చివుక్కుమంది. ఇంత పెద్ద విషయం జరిగితే నాకు ఒక్క ఫోన్ చెయ్యాలనిపించలేదా వీడికి? పది రోజుల తర్వాత, చెప్పులేసుకుంటూ చెప్తాడా? అవతల ఆ పిల్ల నవ్వుకుంటూ వాళ్ళమ్మమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిందని వాడు చెప్తుంటే, నేను ముఖం తిప్పుకున్నాను.

"ఎప్పుడు జరిగింది?" అనడిగాను.

"ఆగస్టు ఇరవయ్యేడు మేడమ్, పొద్దున పదకొండున్నరకి."

వాడు వెళ్ళాక మీ అమ్మాయి గోడకి అంటించిన కాగితం చూశాను. ఏ రోజు ఎన్ని అడుగులు వేశానో అది టైముతో సహా రాస్తుంది. అప్పటిదాకా నడక స్టాండు పట్టుకుని ఈడ్చుకోవడమే. ఇరవయ్యేడో తారీఖు దగ్గర ఎర్ర పెన్నుతో రాసుంది, పదకొండున్నర అని. ఏడ్చాను వదినా, మీ అమ్మాయి పరిగెత్తుకొచ్చేంత గట్టిగా, సంతోషంతోనే. అక్కడ వాడు చక్రం తిప్పుతున్నప్పుడు నాకేమీ తెలియదు. నేను మా వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి, గోడ పట్టుకోకుండా, కర్ర లేకుండా, నా రెండు కాళ్ళ మీద నడుస్తున్నాను.

మీ అల్లుడి తల్లి